ఆపరేషన్ ఏమిస్తుంది, ఏమివ్వదు

1962 మే నెలలో డల్హౌసీ కొండల్లో ఒక బౌద్ధ సన్యాసి చనిపోయాడు. సన్యాసంలో పేరు లోబ్‌జాంగ్ జీవక. నలభై ఏడేళ్ల ఇంగ్లీషువాడు, చదువుకు వైద్యుడు, ఓడల మీద డాక్టరుగా పనిచేసినవాడు. అంతకు నాలుగేళ్ల ముందు పత్రికలవాళ్లు అతని పాత బతుకు తవ్వి బయటపెడితే ఉద్యోగం వదిలి మన దేశానికి వచ్చేశాడు. సారనాథ్‌లో కొన్నాళ్లు, లడఖ్‌లోని రిజాంగ్ మఠంలో కొన్నాళ్లు ఉన్నాడు.

అతని అసలు పేరు మైకేల్ డిలన్. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. 1939లో టెస్టోస్టెరాన్ మొదలుపెట్టాడు. 1942లో రొమ్ములు తీయించుకున్నాడు. 1944లో జనన పత్రం మార్పించుకున్నాడు. 1946 నుంచి 1949 దాకా సర్ హెరాల్డ్ గిలీస్ అనే సర్జన్ చేతిలో కనీసం 13 ఆపరేషన్లు చేయించుకున్నాడు. ఒక ట్రాన్స్ పురుషుడికి పురుషాంగాన్ని నిర్మించడం అదే మొదలు. గిలీస్ మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు చెదిరిన సైనికులకు ముఖాలు తిరిగి కట్టినవాడు. ఒంటి మీది చర్మాన్ని గొట్టంలా చుట్టి, రక్తప్రసారం తెగకుండా ఇంకో చోటికి తరలించే పద్ధతిని అప్పుడే వాడుకలోకి తెచ్చాడు. డిలన్‌కూ అదే వాడాడు. రికార్డులో మాత్రం పుట్టుకతో వచ్చిన మూత్రనాళ లోపాన్ని సరిచేస్తున్నానని రాసుకున్నాడు. అప్పటి ఇంగ్లండులో నిజం రాస్తే ఇద్దరూ చిక్కుల్లో పడేవారు.

పదమూడు ఆపరేషన్లు. ఆ అంకెను కాస్త గుర్తుంచుకోండి. ఎందుకంటే ట్రాన్స్ పురుషుణ్ణి మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఆపరేషన్ అయిందా?" అనే. అందులో ఆపరేషన్ ఎప్పుడూ ఒక్కటే. మహాభారతంలో స్థూణాకర్ణుడనే యక్షుడు శిఖండికి తన పురుషత్వాన్ని ఇచ్చి పంపినట్టు, ఒక తలుపులోంచి లోపలికి వెళ్లి ఇంకో తలుపులోంచి మరో మనిషిగా బయటికొస్తారని ఒక ఊహ. వైద్యం అలా పనిచేయదు. ఛాతీకి ఒకటి, గర్భసంచికి ఒకటి, కింది భాగానికి కొన్ని, ఇవన్నీ వేర్వేరు శస్త్రచికిత్సలు. ఒకటి చేయించుకుంటే రెండోది చేయించుకోవాలని లేదు. మొదటిదానితో ఆగిపోయి హాయిగా బతికేవాళ్లు చాలామంది. ఏదీ అక్కర్లేదనుకునేవాళ్లూ ఉన్నారు. దేని నుంచి ఏం ఆశించాలో ముందే తెలుసుకున్నవాడు తర్వాత బాధపడడం తక్కువ. నేను చదివినదంతా కలిపి చూస్తే నాకు తేలింది అదే.

మాటల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పత్రికలు 'లింగమార్పిడి' అంటాయి. ఆ మాట నచ్చనివాళ్లు 'లింగ నిర్ధారణ శస్త్రచికిత్స' అని రాస్తున్నారు. కానీ తెలుగువాడికి ఆ మాట వినగానే స్కానింగ్ సెంటర్ గోడ మీది బోర్డు గుర్తొస్తుంది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని రాసి ఉండే బోర్డు. అందుకే ట్రాన్స్ పురుషులు తమలో తాము చెప్పుకునే టాప్ సర్జరీ, బాటమ్ సర్జరీ అన్న మాటలే వాడతాను. హిజ్రాలకు నిర్వాణం అనే మాట ఉంది, గురువు ఉంది, ఆపరేషన్ తర్వాత నలభై రోజులు చూసుకునే ఇల్లు ఉంది. ట్రాన్స్ పురుషులకు అలాంటి మాటా లేదు, ఇల్లూ లేదు. వాళ్ల గురించి తెలుగులో రాసింది ఇంత తక్కువ ఉండడానికి అదొక కారణం.

కత్తి కంటే ముందు సూది వస్తుంది. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ రెండు మూడు వారాలకొకసారి వేసేది ఒకటి, దాదాపు మూడు నెలలకొకసారి వేసేది ఇంకొకటి. కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది. గొంతు బొంగురుపోయి, ఆ తర్వాత మగగొంతుగా స్థిరపడుతుంది. గడ్డం మీసం రావడానికి ఇంకా టైం పడుతుంది, కొందరికి ఏళ్లు. మొటిమలు వస్తాయి. ఇంట్లో మగవాళ్లకు బట్టతల ఉంటే వీళ్లకూ రావచ్చు. రక్తం చిక్కబడే ప్రమాదం ఉంది కాబట్టి హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ పరీక్షలు తప్పనిసరి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన సీసా తెచ్చుకుని సొంతంగా పొడుచుకునేవాళ్లకు ఈ పరీక్షలు ఉండవు. అందుకే ఆ దారి వద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంకో సంగతి, టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదు. నెలసరి ఆగినా గర్భం రావచ్చు. గొంతు, గడ్డం సూది ఇచ్చేవి. ఏ సర్జనూ వాటిని ఇవ్వడు. మందు మానేసినా మారిన గొంతు వెనక్కి రాదు.

మానసిక వైద్యుడి ఉత్తరం అడుగుతారు. దాన్ని పరీక్షలా చూసి భయపడేవాళ్లు ఎక్కువ. ఆ భయానికి చరిత్ర ఉంది. ఒకప్పుడు ట్రాన్స్ కావడమే మానసిక రోగాల జాబితాలో ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణలో దాన్ని అక్కడి నుంచి తీసి లైంగిక ఆరోగ్య అధ్యాయంలోకి మార్చింది. 2022 జనవరి నుంచి ఆ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. అదే ఏడాది అంతర్జాతీయ వైద్య నిపుణుల సంఘం డబ్ల్యూపాథ్ తన చికిత్సా ప్రమాణాల ఎనిమిదో కూర్పును విడుదల చేసింది. జననాంగ శస్త్రచికిత్సకు అంతకుముందు రెండు ఉత్తరాలు కావాలి. ఇప్పుడు అర్హత ఉన్న ఒక్కరి అంచనా చాలంది. హార్మోన్ కనీసం ఏడాది వాడి ఉండాలన్న పాత నియమాన్ని ఆరు నెలలకు తగ్గించింది. టాప్ సర్జరీకి ముందు హార్మోన్ తప్పనిసరి కాదు. మంచి మానసిక వైద్యుడు నిజానికి ఒక పని చేస్తాడు. మీరు కోరుకుంటున్నది ఆ ఆపరేషన్ ఇవ్వగలిగిందేనా అని మీతో కూర్చుని తూకం వేస్తాడు. ఆ సంభాషణను తప్పించుకోకండి.

టాప్ సర్జరీతో మొదలుపెడదాం. చాలామందికి మొదటిదీ, చివరిదీ ఇదే. ఏళ్ల తరబడి ఛాతీని అదిమి ఉంచే బైండర్ బిగించుకుని, ఎండాకాలంలో ఊపిరాడక, పక్కటెముకలు నొప్పెట్టి, నడుం వంచి నడిచిన మనిషికి ఇది ఏమిటో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. చదునైన ఛాతీ మీద పల్చని చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్లగలగడం, అంతే. రొమ్ములు చిన్నవైతే చనుమొన చుట్టూ కోసి లోపలి కణజాలాన్ని తీస్తారు, మచ్చ తక్కువ. కాస్త పెద్దవైతే కింద రెండు అడ్డకోతలు పెట్టి, చనుమొనలను చిన్నవి చేసి, మగవాళ్లకు ఉండే చోట అతికిస్తారు. రెండు మూడు గంటల పని. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. నెత్తురు, నీరు పోవడానికి చిన్న గొట్టాలు కొన్ని రోజులుంటాయి. బిగుతు బనియన్ కొన్ని వారాలు వేసుకోవాలి. చేతులు తలపైకి ఎత్తకూడదు, బరువులు మోయకూడదు. తల దువ్వుకోవడానికి, అటక మీది గిన్నె అందుకోవడానికి కూడా రెండో మనిషి కావాలి.

మొదటి రెండు రోజుల్లో లోపల రక్తం గూడుకట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావడం దీనిలో ఎక్కువగా కనిపించే చిక్కు. అతికించిన చనుమొన కొంత నల్లబడి ఊడడం అరుదు గానీ ఉంది. ఛాతీ స్పర్శ చాలాచోట్ల మొద్దుబారుతుంది, కొంతే తిరిగొస్తుంది. మన చర్మఛాయ వాళ్లకు మచ్చ ఉబ్బి, గట్టిపడి, దురదపెట్టే కీలాయిడ్ రావడం ఎక్కువ. మీకో మీ ఇంట్లోవాళ్లకో చెవి కుట్టించుకున్న చోట బుడిపె లేచిన గుర్తుంటే సర్జన్‌కు ముందే చెప్పండి. చనుమొన ఇటో అటో ఉన్నా, చివర్లో మడత మిగిలినా, చిన్న దిద్దుబాటుకు ఇంకోసారి వెళ్లాల్సి వస్తుంది. అది ఓటమి కాదు. రొమ్ము కణజాలం పూర్తిగా పోదు కాబట్టి గడ్డ తగిలితే పట్టించుకోకుండా వదలొద్దు. ఇన్ని చెప్పినా, ఈ మొత్తం దారిలో పెట్టిన డబ్బుకూ పడ్డ నొప్పికీ నమ్మకంగా ఫలితమిచ్చేది ఇదే.

రెండోది గర్భసంచి. వైద్యపరంగా చూస్తే ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. దేశంలో గర్భసంచి తీయించుకునే స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయి. ఈ ఆపరేషన్ చేయగల డాక్టర్లు జిల్లా కేంద్రాల్లోనే ఉన్నారు. పొట్ట మీద చిన్న రంధ్రాలతో లాప్రోస్కోపీలో చేస్తే కొన్ని వారాల్లో మామూలు పనుల్లో పడొచ్చు. చిక్కంతా ఆ గడప తొక్కడంలో. గైనిక్ ఓపీ ముందు చీరల వరుసలో గడ్డం ఉన్న మనిషి కూర్చోవాలి. పాత పేరుతో పిలిస్తే లేవాలి. ఆడవాళ్ల వార్డులో పడుకోవాలి. ఏ సర్జికల్ పుస్తకంలోనూ ఈ నొప్పి గురించి ఉండదు. ఈ నొప్పికి జడిసి కొందరు ఆసుపత్రికే వెళ్లరు.

ఇక్కడ నిజంగా ఆలోచించాల్సింది అండాశయాల గురించి. రెండూ తీసేస్తే శరీరం సొంతంగా చేసుకునే హార్మోన్ దాదాపు ఉండదు. అప్పుడు టెస్టోస్టెరాన్ జీవితాంతం తప్పదు. డబ్బులేక, దొరకక మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. అందుకే ఒకటైనా ఉంచమనే డాక్టర్లున్నారు. పిల్లల మాట కూడా ముందే తేల్చుకోవాలి. అండాలను భద్రపరిచే వీలుంది, ఖరీదైనదే. 2023 ఫిబ్రవరిలో కేరళలోని కోళికోడ్‌లో ఒక ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు. అప్పటికి టాప్ సర్జరీ అయింది, గర్భసంచి ఉంది, హార్మోన్ ఆపాడు. ఇరవై రెండేళ్లకు "నాకు పిల్లలొద్దు" అన్న మనిషి ముప్పై ఐదుకు అదే మాట మీద ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గర్భసంచి ముఖద్వారం అలాగే ఉంచుకుంటే క్యాన్సర్ పరీక్ష మానకూడదు.

ఇక బాటమ్ సర్జరీ. ఇక్కడ తొందరపడకుండా చెప్పాలి. ఆశ ఎక్కువగా పోగయ్యేదీ, గాయం పెద్దదయ్యేదీ ఇక్కడే.

రెండు ప్రధాన దారులున్నాయి. మొదటిది మెటోయిడియోప్లాస్టీ. టెస్టోస్టెరాన్ వల్ల క్లిటోరిస్ కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. దాన్ని పట్టి ఉంచిన బంధాలను విడదీసి ముందుకు తెచ్చి చిన్న లింగంలా మలుస్తారు. పరిమాణం చిన్నది, రెండు మూడు అంగుళాలు, కొందరికి అంతకంటే తక్కువ. సొంత కణజాలం కాబట్టి స్పర్శ అలాగే ఉంటుంది, దానంతట అదే గట్టిపడుతుంది. చేతి మీద, తొడ మీద మచ్చ ఉండదు. మూత్రనాళాన్ని పొడిగిస్తే చాలామంది నిలబడి మూత్రం పోయగలరు. సంభోగానికి మాత్రం ఎక్కువమందికి సరిపోదు.

రెండోది ఫాలోప్లాస్టీ. గిలీస్ తర్వాత దీనికి పెద్ద మలుపు 1984లో చైనా సర్జన్ల నుంచి వచ్చింది. ముంజేతి చర్మాన్ని నరాలతో, రక్తనాళాలతో సహా ఎత్తి, గొట్టంలో గొట్టంగా చుట్టి, కింద అతికించి, నాళాలను సూక్ష్మదర్శిని కింద కుట్టే పద్ధతి అది. ఇప్పటికీ ఎక్కువమంది సర్జన్లు వాడేది అదే. తొడ చర్మంతోనూ చేస్తారు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ ముంజేయి తీసుకుంటారు. అరచేతికి రెండో ధమని నుంచి రక్తం చాలినంత అందుతుందో లేదో ముందు పరీక్షిస్తారు. మూత్రనాళం లోపలికి వెళ్లే చర్మం మీద వెంట్రుకలుంటే నెలల ముందు నుంచే వాటిని కాల్చి తీయించాలి. సిగరెట్ పూర్తిగా మానాలి, ఎందుకంటే ఒక్క రక్తనాళం మూసుకుపోయినా మొత్తం పోవచ్చు. చేయి మీద గాయాన్ని తొడ నుంచి తీసిన పల్చని చర్మంతో కప్పుతారు. ఆ పెద్ద మచ్చ జీవితాంతం ఉంటుంది. పొట్టిచేతుల చొక్కా వేసుకున్న ప్రతిసారీ కనిపిస్తుంది. కొందరు తొడను ఎంచుకునేది అందుకే. తొడలో కొవ్వు ఎక్కువుంటే అంగం లావుగా వచ్చి మళ్లీ పల్చన చేయాల్సి రావచ్చు.

ఆపరేషన్ ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు. మొదటి రెండు మూడు రోజులు గంట గంటకూ నర్సు వచ్చి కొత్త అంగంలో రక్తం ఆడుతోందో లేదో చూస్తుంది. యూరిన్ పైపు మూడు నాలుగు వారాలు. ఉద్యోగానికి వెళ్లడానికి రెండు నెలలు తీసిపెట్టుకోండి. అదీ మొదటి దశ మాత్రమే. వృషణాల సంచిని బయటి పెదాల చర్మంతో చేసి, తర్వాత అందులో సిలికాన్ గోళాలు పెడతారు. అంగం తనంతట తాను గట్టిపడదు, కాబట్టి లోపల కడ్డీయో, పంపుతో ఉబ్బే గొట్టమో పెట్టాలి. స్పర్శ వచ్చేదాకా అది పెట్టరు, అంటే తొమ్మిది నెలలో ఏడాదో ఆగాలి. కలిపిన నరం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కన చివరిదాకా స్పర్శ పాకడానికి ఏడాది, రెండేళ్లు. కొందరికి పూర్తిగా రాదు. భావప్రాప్తి చాలామందికి నిలుస్తుంది, క్లిటోరిస్‌ను తీసేయకుండా కుదుట్లో దాచి ఉంచుతారు కాబట్టి. వీర్యం రాదు. దీని వల్ల పిల్లలు పుట్టరు.

అసలు ఇబ్బంది మూత్రనాళం. పాత నాళాన్ని కొత్త నాళానికి కలిపిన చోట సందు పడి మూత్రం కారుతుంది, లేదా లోపల మచ్చకట్టి దారి ఇరుకవుతుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి, కేంద్రాన్ని బట్టి, నలుగురిలో ఒకరి నుంచి ఇద్దరిలో ఒకరిదాకా వస్తోందని ప్రచురితమైన లెక్కలు చెబుతాయి. కొన్ని వాటంతట అవే మానతాయి, చాలావాటికి మళ్లీ కత్తి పెట్టాలి. అతికించిన అంగం మొత్తం చచ్చిపోవడం నూటికి ఇద్దరు ముగ్గురికి. లోపల పెట్టిన పరికరానికి ఇన్‌ఫెక్షన్ రావడం, చర్మం చీల్చుకుని బయటికి రావడం, కొన్నేళ్లకు పాడవడం ఉన్నాయి. యోనిని మూసేయకుండా మూత్రనాళం పొడిగిస్తే సందు పడే అవకాశం ఇంకా ఎక్కువ.

నాళం పొడిగించకుండా అంగం మాత్రమే చేయించుకునే దారి కూడా ఉందని చాలామందికి చెప్పరు. కూర్చునే మూత్రం పోయాలి, కానీ ఈ చిక్కుల్లో పెద్ద భాగం తప్పిపోతుంది. నిలబడి మూత్రం పోయడం కొందరికి ప్రాణంతో సమానం. రైలు స్టేషన్లో, ఆఫీసులో, పొలం గట్టు మీద దానితోనే మగవాడి లెక్క తేలుతుందని వాళ్లకు తెలుసు. వాళ్లు ఆ ప్రమాదానికి సిద్ధపడి వెళ్లాలి. అది ముఖ్యం కానివాళ్లు సర్జన్ దాన్నీ కలిపి చెప్పాడని తలూపకూడదు.

ఇంత చెప్పాక, పశ్చాత్తాపం మాట. 2021లో వచ్చిన ఒక సమీక్ష 27 అధ్యయనాలను కలిపి దాదాపు 7,900 మంది అనుభవాన్ని లెక్కగట్టింది. ఆపరేషన్ చేయించుకుని చింతించినవాళ్లు నూటికి ఒకరు. ట్రాన్స్ పురుషుల్లో అంతకంటే తక్కువ. ఈ లెక్కకు పరిమితి ఉంది. చాలా అధ్యయనాలు కొద్ది ఏళ్లే చూశాయి, కొందరు మళ్లీ ఆసుపత్రికి రాలేదు, చింత అంటే ఏమిటో అందరూ ఒకేలా అడగలేదు. అయినా సందు పడి, రెండోసారి, మూడోసారి థియేటర్‌కు వెళ్లినవాళ్లలో కూడా ఎక్కువమంది మళ్లీ అదే నిర్ణయం తీసుకుంటామనడం ఈ రంగంలో పదే పదే కనిపిస్తుంది. బయటి నుంచి చూసి "ఇంత నొప్పి ఎందుకు పడాలి" అనేవాళ్లు ఆపరేషన్‌కు ముందు ఆ మనిషి పడిన నొప్పిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

డబ్బు, చట్టం. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు, లింగ గుర్తింపుకు ఆపరేషన్ చేయించుకు తీరాలనడం చట్టవిరుద్ధమని చెప్పింది. 2019లో చేసిన చట్టంలో కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి ఆపరేషన్ అడగలేదు. 'పురుషుడు' అని మార్చిన పత్రం కావాలంటే మాత్రం శస్త్రచికిత్స జరిగినట్టు ఆసుపత్రి అధికారి ధ్రువీకరణ అడిగింది. కోర్టు తీసేసిన గడపను చట్టం వెనక గుమ్మంలో మళ్లీ కట్టింది. ఈ కాగితం కోసం, పాస్‌పోర్టు కోసం, ఉద్యోగం కోసం, అవసరం లేని అవయవం తీయించుకోవడానికి వచ్చే మనిషిని ఆపి మాట్లాడడం డాక్టరు బాధ్యత.

అదే చట్టం ప్రభుత్వాలు హార్మోన్ చికిత్స, శస్త్రచికిత్స, ముందూ తర్వాతా కౌన్సెలింగ్ అందించాలనీ, బీమా కల్పించాలనీ అంది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి ఐదు లక్షల బీమా ఒప్పందం కుదిరింది. కాగితం మీద ఉన్న ఆ ఐదు లక్షలకు ఫాలోప్లాస్టీ చేయగల సూక్ష్మ రక్తనాళాల సర్జన్, మూత్రనాళంలో పడ్డ సందును మూసే యూరాలజిస్టు ఒకే ఆసుపత్రిలో దొరకాలి. అలాంటివి దేశంలోనే కొద్ది. హార్మోన్ పరీక్షలకు, మాట్లాడడానికి ఒక చోటు ఉండడం ఎంత బలహీనమైన ఏర్పాటో హైదరాబాద్ చూసింది. 2021లో అమెరికా నిధులతో మొదలైన ట్రాన్స్‌జెండర్ల క్లినిక్ మిత్ర్ 2025 ఆరంభంలో ఆ నిధులు ఆగగానే మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో తెరుచుకుంది. అక్కడ ఏళ్లుగా హార్మోన్ మందులు రాయించుకుంటున్నవాళ్లకు ఆ మధ్య నెలలు ఎలా గడిచాయో ఊహించండి.

సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇప్పటిదాకా ఈ ఆపరేషన్ మీరు ఎందరికి చేశారు? వాళ్లలో ఎందరికి మూత్రనాళం సందు పడింది, ఎందరు రెండోసారి రావాల్సి వచ్చింది? సందు పడితే సరిచేసేది మీరేనా, ఇంకొకరా, దానికి వేరే డబ్బా? మీ చేతి ఫలితాల ఫొటోలు, నెలకు, ఏడాదికి తీసినవి, చూపిస్తారా? సూటిగా అంకె చెప్పే సర్జన్‌ను నమ్మండి. "ఏమీ కాదు బాబూ" అని భుజం తట్టే సర్జన్‌ను రెండో ఆలోచన లేకుండా వదిలేయండి.

మరో ప్రశ్న ఆసుపత్రే మిమ్మల్ని అడుగుతుంది. థియేటర్ తలుపు తెరిచి నర్సు "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తుంది. మందుల చీటీ అందుకోవడానికి, సంతకం పెట్టడానికి, రాత్రి రెండింటికి డ్రెయిన్ డబ్బా నిండిందని పరుగెత్తడానికి ఒక మనిషి కావాలి. ఇంటి నుంచి వెళ్లగొట్టిన పిల్లాడికి ఆ మనిషి ఉండడు. స్నేహితులు వంతులేసుకుని సెలవులు పెట్టి వస్తారు. అమ్మా, నాన్నా, అక్కా, ఈ వ్యాసం మీ చేతికి వస్తే ఒక్కటే అడుగుతాను. అతని నిర్ణయం మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, తర్వాత వాదించుకోవచ్చు. ఆ నర్సు కేకేసినప్పుడు మీరు లేచి నిలబడండి.